ఖాళీ జాగలో బడి

మా ఇంట్లో వానను వాన అనేవాళ్లు కాదు. రహ్మత్ అనేవాళ్లు, దేవుడి దయ అని. జనగామలో మా అబ్బా నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. ఎండాకాలమంతా ఆయన ఒంటి మీద చొక్కా ఆరేది కాదు, మా గల్లీలో బిందెల వరుస తరిగేది కాదు. మొదటి వాన పడిన రోజు అమ్మీ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తెచ్చి వాకిట్లో పరిచేది. అబ్బా బనీను విప్పి వానలో నిలబడి నవ్వేవాడు. వాన మనిషిని చంపుతుందని ఆ ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

అందుకే నలభై ఒకటో ఏట బదిలీ మీద భూపాలపల్లి జిల్లాకు వెళ్లినప్పుడు వాగును ఎలా చూడాలో నాకు తెలియదు. పెళ్లయిన దగ్గర్నుంచి తొర్రూరులో ఉంటున్నాను. మా ఆయనకు బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు. చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కల బళ్లలోనే పాఠాలు చెప్పాను. ఆ బదిలీలో మాత్రం రేగొండ దాటాక వచ్చే ఒక చిన్న ఊరు పడింది. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. రేగొండలో ఒక గది తీసుకుని వారమంతా అక్కడ ఉండేదాన్ని. శనివారం సాయంత్రం హనుమకొండ మీదుగా బస్సు పట్టుకుని తొర్రూరు చేరేదాన్ని.

బడి ఊళ్లో లేదు. ఊరు దాటి, వాగు మీది కల్వర్టు దాటితే, పల్లంలో ఒంటరిగా ఉంటుంది. రెండు గదులు, ఒక వరండా, పక్కన రేకుల వంటగది. బడి వెనకే వాగు. బడి ముందు నుంచి పొలాల మీదుగా ఒక బాట గుట్ట వాలు మీద ఉన్న తండాకు పోతుంది. ఆ బాటకు అడ్డంగా ఒక ఒర్రె ఉంది, వానాకాలం తప్ప ఎప్పుడూ ఎండిపోయి ఉండే సన్నటి పాయ. పిల్లలు సగం మంది ఊరి నుంచి, సగం మంది తండా నుంచి వచ్చేవాళ్లు. టీచర్ని నేనొక్కదాన్నే.

మొదటి రోజు వాగులో మోకాలి లోతు నీళ్లు, కింద మెరిసే ఇసుక చూసి అబ్బాకు ఫోన్ చేశాను. "బడి పక్కనే వాగుంది అబ్బా" అంటే, "నువ్వు నసీబున్న దానివి బేటీ" అన్నాడు.

మధ్యాహ్న భోజనం వండేది తండా మనిషి. యాభై దాటి ఉంటాయి. పిల్లలంతా ఆమెను యాడి అని పిలిచేవాళ్లు. వాళ్ల ఇంటి భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలిచాను. తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడేది. పొయ్యి దగ్గర ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం తన భాషలో ఏదో గొణుక్కునేది. మా ఇంట్లో నేను మాట్లాడేదీ వేరే భాషే కాబట్టి అది నాకు వింతగా ఉండేది కాదు. ఆ భాష నేర్చుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

ఆ ఏడాది ఆగస్టులో ఒక ఫారం వచ్చింది. ప్రతి బడీ తన విపత్తు ప్రణాళిక రాసి పంపాలి. అందులో ఒక గడి ఉంది: గతంలో సంభవించిన ప్రకృతి వైపరీత్యాలు. బీరువాలోంచి పాత ఫైలు తీసి చూశాను. నా ముందు పనిచేసిన వాళ్లంతా ఒకే మాట రాశారు, 'లేవు' అని. నేనూ అదే రాయబోయి, ఎందుకో ఆగి, వంటగదిలోకి వెళ్లాను.

"యాడీ, గీ వాగు ఎప్పుడన్న పొంగిందా?"

ఆమె చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపకుండానే అంది, "పొంగకుంటే గీడ బడి ఎందుకు కడ్తరు?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"గీడ బడి లేకుండె మేడం. ఇండ్లుండె. పది పన్నెండు ఇండ్లు. నేను పెండ్లయి తండాకొచ్చిన ఏడు వాగొచ్చి అన్నిటినీ ఊడ్సుకపోయింది. బతికినోళ్లు మీదికి పోయి కట్టుకున్నరు. ఇంక గీ జాగ ఖాళీగ పడి ఉండె. ఎవ్వలు ఇల్లు కట్టుకోరు. బడికి జాగ గావాల్నంటే గిదే సూపెట్టిండ్రు."

బయటికి వచ్చి చూశాను. వరండా ముందు నేలలో సగం కూరుకుపోయిన ఒక రుబ్బురోలు ఉండేది. పిల్లలు దాని మీదికెక్కి దూకుతుండేవాళ్లు. ఎవరో పారేసి పోయారనుకునేదాన్ని. ఎవరూ పారేయలేదు. అది ఒకరి ఇంటి వంటగదిలో ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం ఆటో ఎక్కకుండా ఊళ్లోకి నడిచి వెళ్లి, పాత నీరటి ఇల్లు అడిగాను. నీరటి అంటే చెరువు తూములు ఎత్తి దించి, పొలాలకు నీళ్లు పారించే మనిషి. ఇప్పుడు ఆయనకు చూపు మందగించింది, కానీ చెరువుల సంగతి అడగగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పైన రెండు చెర్లున్నయి బిడ్డా. మీది చెర్వు కట్ట తెగితే కింది చెర్వు ఆగది. రెండు చెర్ల నీళ్లు కలిసి వాగుల పడ్తయి. మనకాడ వాన లేకున్న సరే, వాగొస్తది."

"వచ్చేది ముందుగాల ఎట్ల తెలుస్తది తాతా?"

"నీళ్ల మీద సూడాలె. ఉత్త వాన నీళ్లయితే మన్ను కలిసి ఎర్రగ పోతయి, అంతే. కట్ట తెగిన నీళ్లయితే పొలాల మీద పడి వస్తయి గద, గడ్డి తెస్తయి, కంప తెస్తయి. గడ్డి కనవడ్డంక నిలవడొద్దు."

మర్నాడు ఫారంలో అంతా రాశాను. ఇండ్లు పోయిన సంగతి, పైన రెండు చెరువుల సంగతి, ఒర్రె సంగతి. కాగితం చాలక వెనక వైపు కూడా రాశాను. మండల ఆఫీసులో ఫారాలు తీసుకునే ఉద్యోగి అంతా చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. నాకు కుర్చీ చూపించి మెల్లగా చెప్పాడు.

"మేడం, గిది పైకి పోతే ఏమైతదో ఎరుకేనా? బడి పనికిరాదంటరు. కొత్తది కట్టుడు ఎప్పటి ముచ్చటో. పిల్లలను తీస్కపోయి అవతలి ఊరి బడిల కలుపుతరు. తండా పిల్లలు అంత దూరం నడుస్తరా? మీరే జెప్పుండ్రి."

తండా నుంచి వచ్చే ఆడపిల్లలు గుర్తొచ్చారు. దూరమైతే ముందు మానేది వాళ్లే. ఆయన దగ్గర ఇంకో ఫారం తీసుకుని, ఆ గడిలో 'లేవు' అని రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

ఆ రోజు నుంచి నా చూపు వాగు మీద నుంచి మరలడం మానేసింది. పాఠం చెబుతూనే కిటికీలోంచి చూసేదాన్ని. కల్వర్టు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి, పొద్దున ఏ గీత దగ్గర ఉంది, సాయంత్రానికి ఏ గీతకు వచ్చింది అని చూసుకునేదాన్ని. ఆదివారం తొర్రూరులో ఉన్నా ఫోన్లో రేగొండ వైపు మబ్బులే చూసేదాన్ని. "పిల్లలు లేని రోజు కూడ గా వాగుకు కాపలానేనా?" అని మా ఆయన నవ్వేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని. కాగితం మీద నేను లేదన్న వాగు అది.

మరుసటి ఏడాది జూలైలో ఒక రోజు పొద్దుటి నుంచి ఆగకుండా కురిసింది. పదకొండు గంటలకు నేను గీసిన గీతల్లో అన్నిటికంటే పైది మునిగిపోయింది. అన్నం ఉడుకుతుండగానే పిల్లలందరినీ లేపి, ఒర్రె దాటించి తండాకు తీసుకుపోయాను. యాడి గంపలో అన్నం, పప్పు గిన్నెలు ఎత్తుకుని వెనకాలే వచ్చింది. తండాలో ఒకరి పశువుల కొట్టంలో పిల్లలు కూర్చుని తిన్నారు. మూడు గంటలకు వాన వెలిసింది. వాగు బడి గోడను కూడా తాకకుండా మెల్లగా తగ్గిపోయింది.

బడి కమిటీ చైర్మన్ ఊరి రైతు. ఆయన బిడ్డ అప్పుడు రెండో తరగతి. తడిసిన బిడ్డను తీసుకుపోవడానికి వచ్చి, అందరి ముందు అన్నాడు: "ఏంది మేడం గిది? పిల్లకు జ్వరమొస్తే ఎవలు జూడాలె? మేం పుట్టినకాన్నుంచి జూస్తున్నం గీ వాగును. మీ జనగామల నీళ్లు లేక మీకు నీళ్లను జూస్తె భయమైతుంది గావచ్చు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. తర్వాత చాలా రోజుల దాకా ఊళ్లో నేను కనిపిస్తే, "మేడమొచ్చింది, వాగొస్తది కావచ్చు" అని ఆటపట్టించేవాళ్లు. సుద్దగీతలు గీయడం మానేశాను. భయం మాత్రం మానలేదు. దాన్ని బయటికి కనిపించనీయకుండా ఉండడం నేర్చుకున్నాను.

ఆ మరుసటి ఏడాది, మళ్లీ జూలైలోనే, రెండు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. ఆ రెండు రోజులూ సెలవు ఇచ్చారు. మూడో రోజు పొద్దున వాన పలచబడింది, సెలవు మాట రాలేదు. ఆటోలో బడికి వచ్చాను. కల్వర్టు కింద వాగు నిండుగా పోతోంది కానీ పైకి రాలేదు. పదహారు మంది పిల్లలు వచ్చారు. హాజరు వేసి, చిన్నవాళ్లకు పలకల మీద అంకెలు రాయించడం మొదలుపెట్టాను.

పదిన్నర ప్రాంతంలో కిటికీ దగ్గరికి వెళ్లాను. వాగు చప్పుడు మారినట్టు అనిపించింది. పొద్దున గలగలమన్నది ఇప్పుడు బరువుగా, లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు వినిపిస్తోంది. అది నా భయమా, నిజంగా వాగేనా అన్నది తేల్చుకోలేకపోయాను. చైర్మన్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, వాగు ఎక్కువైతున్నట్టుంది. పిల్లలను మీదికి తీస్కపోదమనుకుంటున్న."

"మళ్లనా మేడం?" నవ్వు వినిపించింది. "పోయినేడు గిట్లనే జేస్తిరి. వాన తగ్గింది గద. ఏం గాదు, పాఠం జెప్పుకోండ్రి."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చున్నాను. పావుగంట కూర్చున్నాను. ఇప్పటికీ నేను ఎక్కువగా తలుచుకునేది ఆ పావుగంటనే. పిల్లలు గట్టిగా అంకెలు చదువుతున్నారు. నేను వాళ్ల ముఖాలు చూస్తూ, మళ్లీ తడిపి తీసుకుపోతే ఊరు ఏమంటుందోనని ఆలోచిస్తున్నాను. ఊరి నవ్వు గురించి ఆలోచించాను. వాగు గురించి కాదు.

యాడి గరిటె చేతిలో పట్టుకునే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది.

"మేడం, గడ్డి వస్తుంది."

పరుగెత్తుకెళ్లి చూశాను. వాగు నిండా గడ్డి. పచ్చగడ్డి, ఎండుగడ్డి, ముళ్లకంప, ఎవరిదో విరిగిన పందిరి గుంజ. బడి వెనక గోడను నీళ్లు అప్పటికే నాకుతున్నాయి. నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. యాడి మాత్రం పొయ్యిలో కట్టెలు లాగి, నీళ్లు చల్లి, పిల్లలను వరండాలోకి పిలుస్తోంది.

"నువ్వు రాకున్న నేను తీస్కపోత మేడం. పుస్తకాలు ఇడిసిపెట్టుండ్రి. ఒక్కలను ఒక్కలు పట్టుకోండ్రి, ఇడువొద్దు."

పిల్లలు వరుసగా నిలబడ్డారు. నేను హాజరు పట్టీ, ఫోన్ తీసుకురావడానికి లోపలికి వెళ్లాను. బీరువా తాళం వెంటనే తెరుచుకోలేదు. అంతలో వాన ఒక్కసారిగా పెరిగింది. బయటికి వచ్చేసరికి యాడి వరుస ముందు నడవడం మొదలుపెట్టింది. నేను చివరన పరుగెత్తి కలిశాను. లెక్కపెట్టలేదు. రెండేళ్లుగా పగలూ రాత్రీ భయపడినదాన్ని, లెక్కపెట్టడం మాత్రం మర్చిపోయాను.

ఒర్రెలో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. వాగు నీళ్లు వెనక్కి తన్నుకుని వస్తున్నాయి. చిన్నవాళ్లను ఇద్దరిద్దరిని ఎత్తుకుని దాటించాం. పెద్దవాళ్లు యాడి చీర కొంగు పట్టుకుని దాటారు. గుట్ట వాలు ఎక్కి, తండా మొదటి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అప్పుడు లెక్కపెట్టాను.

పదిహేను.

మళ్లీ లెక్కపెట్టాను. పట్టీ తీసి పేర్లు పిలిచాను. చైర్మన్ బిడ్డ లేదు.

"నేను పోత" అని కిందికి తిరిగాను. యాడి నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"ఒర్రె దాటుడు నీకు రాదు. నడుమ పడిపోతవు. పిల్లల కాడ ఉండు." చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి దిగిపోయింది. నేను ఆపలేదు.

ఆమె ఒర్రె దాటి బడి వైపు పోతుండగా, నా చీర చెంగు ఎవరో లాగారు. ఒకటో తరగతి పిల్ల, తండా పిల్ల. తెలుగు ఇంకా సరిగ్గా రాదు. తన భాషలో ఏదో చెబుతోంది. "ఆగు బంగారం" అన్నాను. మళ్లీ లాగింది. మళ్లీ అదే మాట. ఏడుస్తోందనుకుని ఎత్తుకున్నాను. ఆ పిల్ల ఏడవడం లేదు, నా చెంప తన వైపు తిప్పుకుని మరీ చెబుతోంది. రెండేళ్లకు పైగా ఆ పిల్లల మధ్య గడిపినదాన్ని, ఆ నాలుగు మాటలు నాకు అర్థం కాలేదు, పక్కనున్న పెద్ద పిల్లలను అడగాలని కూడా తోచలేదు. అర్థమయ్యే మనిషి నీళ్లలోకి వెళ్లింది.

పొలం నుంచి ఆ పిల్ల తల్లి పరుగున వచ్చింది. బిడ్డ మాట విని, నా వైపు చూసి చెప్పింది.

"చైర్మన్ బిడ్డను వాళ్ల బాపు బండి మీద ఎక్కించుకపోయిండంట మేడం. మీరు లోపటికి పోయినప్పుడొచ్చిండంట. వీళ్లిద్దరు చేతులు పట్టుకోని నిలబడ్డరంట. దీని చెయ్యి ఇడిపించి తీస్కపోయిండంట."

నేను చైర్మన్‌కు ఫోన్ చేశాను. సిగ్నల్ లేదు. కిందికి చూశాను. ఒర్రె ఇక ఒర్రెలా లేదు. పొలాలు, బాట, బడి ఆవరణ అన్నీ ఒకే ఎర్రటి నీళ్లయ్యాయి. కల్వర్టు కనిపించడం లేదు. బడి కిటికీల సగం దాకా నీళ్లున్నాయి. యాడి ఎక్కడా లేదు.

ఎంతసేపో చెప్పలేను. తండా ఆడవాళ్లంతా వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఒకామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గాజులు గుచ్చుకుంటున్నా వదిలించుకోలేదు. అప్పుడు బడి స్లాబు మీద ఒక మనిషి లేచి నిలబడింది. వంటగది రేకుల మీదుగా ఎక్కి ఉంటుంది. యాడి. ఒక కాలు ఎత్తి పట్టుకుని నిలబడి మా వైపు రెండు చేతులూ చాచి చూపించింది. ఖాళీ చేతులు. తర్వాత తల బాదుకోవడం మొదలుపెట్టింది.

పిల్ల నీళ్లలో పోయిందనుకుంటోంది ఆమె.

"పిల్ల ఉన్నది! పిల్ల బతికే ఉన్నది!" అని నేను అరిచాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె స్లాబు అంచుకు వచ్చి కింది నీళ్లలోకి వంగి చూస్తోంది. దూకుతుందేమో అనిపించింది. అప్పుడు ఆ పిల్ల తల్లి మిగతా ఆడవాళ్లకు ఏదో చెప్పింది. పదిహేను ఇరవై మంది ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఊపిరి పీల్చి, అందరూ ఒకేసారి, తమ భాషలో ఒకే మాట కేకేశారు. మళ్లీ ఇంకోసారి. నాట్లు వేసేటప్పుడు పాటెత్తుకున్నట్టు, గొంతులన్నీ కలిసి నీళ్ల చప్పుడు మీదుగా పోయాయి.

నాలుగో కేకకు యాడి తలెత్తింది. మా వైపు చూసింది. తర్వాత స్లాబు మీద అలాగే కూలబడిపోయి, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం నాలుగు గంటలకు నీళ్లు నడుము లోతుకు దిగాయి. తండా మగవాళ్లు ఐదుగురు నాగలి తాళ్లు కట్టుకుని, ట్రాక్టర్ ట్యూబు నెట్టుకుంటూ వెళ్లి ఆమెను తీసుకొచ్చారు. ఎడమ పాదంలో రేకు ముక్క దిగి బొక్క దాకా పోయింది. నన్ను చూడగానే ఆమె అడిగింది, "పిల్లలు తిన్నరా?"

ఊళ్లో వాగు పక్కనున్న ఇండ్లు కూలిపోయాయి. పశువులు కొట్టుకుపోయాయి, చైర్మన్ ఎద్దుల జత కూడా. పాత నీరటిని మంచంతో సహా మోసి మిద్దె మీదికి ఎక్కించారట. మనుషులెవరూ పోలేదు. ఆ మాట ఎవరు చెప్పినా నేను ఇంకొకరిని అడిగి మళ్లీ రూఢి చేసుకునేదాన్ని.

యాడిని మర్నాడు భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాం. బొగ్గు లారీల రోడ్డంతా బురద, వార్డు నిండా వరద ఊళ్ల మనుషులు. పాదం చీము పట్టి మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. నేను రోజూ వెళ్లేదాన్ని. నాలుగో రోజు చైర్మన్ వచ్చాడు. మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం ఫోన్ జేసినప్పుడు నవ్విన" అన్నాడు. "ఫోన్ పెట్టినంక మనసు పట్టలె. బండి తీసి బడికొచ్చిన. నా బిడ్డ వరుస చివర కనవడ్డది, ఎక్కించుకున్న. నవ్వినోన్ని, మళ్ల మేడమ్‌కు ముఖం ఎట్ల సూపెట్టాలె అని సిగ్గయింది. జెప్పకుంట వచ్చిన. మేం దాటినంక కల్వర్టు మునిగింది."

యాడి మోచెయ్యి ఆనించి దిండు మీద కాస్త పైకి లేచింది.

"నా బిడ్డయినా గట్లనే ఎత్తుకపోదును" అంది. "గని ఒక్క కేక ఎయ్యాలె అన్నా. ఒక్కటే కేక."

ఆయన ఏడ్చాడు. వార్డులో అందరూ చూస్తున్నా కళ్లు తుడుచుకోలేదు. ఆయన వెళ్లిపోయాక నా వంతు అనిపించింది. ఫారం సంగతి ఆమెకు చెప్పాను. నువ్వు చెప్పిందంతా ముందు రాశాను, తర్వాత అది పక్కన పెట్టి లేవు అని రాశాను అన్నాను. కోప్పడుతుందని, లేదంటే పోనీలే అంటుందని అనుకున్నాను. రెండూ చేయలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి మంచినీళ్లు అడిగింది. తాగి గ్లాసు నా చేతికిచ్చింది. ఆ విషయం ఆమె మళ్లీ ఎత్తలేదు. నాకు ఎత్తే ధైర్యం రాలేదు.

సెప్టెంబర్లో నేను మొత్తం రాసి ఇచ్చాను, ఈసారి రెండు ప్రతులు, ఒకటి నా దగ్గర పెట్టుకుని. అధికారులు వచ్చి చూశారు. నేను భయపడ్డంత జరగలేదు, అలాగని మంచీ జరగలేదు. బడి పోలేదు. తండాలో ఉన్న చిన్న కమ్యూనిటీ హాలులోకి మారింది. ఊరి పిల్లలు మాత్రం ఒర్రె దాటి గుట్ట ఎక్కి రావడానికి ఒప్పుకోలేదు. ఒక్కొక్కరే రేగొండ ప్రైవేటు బడి వ్యాన్లు ఎక్కారు. చైర్మన్ బిడ్డ కూడా. ఎప్పుడైనా వ్యాన్ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతుంది.

ఇప్పుడు నా దగ్గర పదకొండు మంది ఉన్నారు, అందరూ తండా పిల్లలే. ఇంత తక్కువ మందితో బడిని ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదు. కింది పాత బడికి తాళం వేశారు. గోడల మీద బురద గీత కిటికీ పైదాకా ఉంది. దానికి సున్నం కొట్టడానికి పంచాయతీ నుంచి మనుషులు వస్తే, వద్దని, అలాగే ఉంచమని యాడి వాళ్లను వెనక్కి పంపిందట. ఆమె కుంటుతుంది. వేరే ఆవిడ వండుతుంటే, పక్కన పీట వేసుకుని కూరగాయలు కోస్తుంది, ఉప్పు చూస్తుంది. పిల్లలు తమ భాషలో మాట్లాడుకునేటప్పుడు నేను మధ్యలో ఒక మాట వేస్తే ముందు ఆమే నవ్వుతుంది. ఆ నవ్వు నాకు ఇబ్బందిగా ఉండదు.

వానంటే భయం పోలేదు. పెరిగింది. మబ్బు పట్టగానే తల్లులు వచ్చి గుమ్మంలో నిలబడతారు. నేను ఎవరినీ ఆపను. పేరు రాసుకుని, ఎవరి చేతికి ఇచ్చానో రాసుకుని పంపిస్తాను. మొన్న ఒక ఆదివారం తొర్రూరులో మధ్యాహ్నం వాన మొదలైంది. షాపులో మా ఆయన మిషను తొక్కుతుంటే, గడప మీద నిలబడి యాడికి ఫోన్ చేశాను.

"వాగు ఎట్లుంది యాడీ?"

"బయటికి పోయి జూసిన ఇప్పుడే. కల్వర్టు కింద రెండు మూరలు జాగ ఉన్నది. గడ్డి లేదు."

"మీది చెర్వు?"

"మా పోరడు పోయిండు జూస్తందుకు. రాంగనే జెప్త." తర్వాత ఆమే అడిగింది, "తొర్రూరుల ఎట్లుంది? బస్సులు నడుస్తున్నయా?"

"నడుస్తున్నయి."

"అయితే రేపు పొద్దుగాల రేగొండల దిగంగనే ఆటో ఎక్కకు మేడం. ముందుగాల నాకు ఫోన్ జెయ్యి. నేను కల్వర్టు కాడికి పోయి నిలబడి జూసి జెప్త. నేను రమ్మంటేనే రా."